తోడుకి లెక్కుందా?

బతకడానికి అనువైన ఊళ్ళో ఏమేమి వుండాలో సుమతీ శతకకారుడు జాబితా వేసి పెట్టాడు. అప్పిచ్చేవాడు, వైద్యుడు, ఎండిపోకుండా పారే ఏరు, ద్విజుడు - ఈ నాలుగూ లేని ఊళ్ళో కాపురం పెట్టొద్దన్నాడు. చిన్నప్పుడు బళ్ళో చేతులు కట్టుకుని అప్పజెప్పిన పద్యమే. అర్థం తెలియకపోయినా నోటికొచ్చేసింది. సొంతంగా కాపురం మొదలుపెట్టాక గాని నాకు అనుమానం రాలేదు - ఇందులో పొరుగింటావిడ ఏదీ?

శతకకారుణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పెద్ద అప్పుకి షావుకారున్నాడు, పెద్ద జబ్బుకి వైద్యుడున్నాడు. కాని రాత్రి ఎనిమిదింటికి చుట్టాలు దిగినప్పుడు కాఫీపొడి డబ్బాలో చెంచా అడుగుకి తగిలి చప్పుడు చేస్తే, ఆ కంగారు ఆయన పడి వుండడు. పడ్డావిడ లోపల వంటింట్లో వుండి వుంటుంది. ఆవిణ్ణి జాబితా వెయ్యమంటే మొదటి పేరు పక్కింటావిడదే అయ్యేది. గరిటెడు అప్పుకీ, గంటసేపటి దిగులుకీ అక్కరకొచ్చేది ఆవిడే గదా!

ఈ చిన్న సాయాల గురించి పెద్ద ప్రశ్న ఒకటి నన్ను చాలాకాలంగా వేధిస్తోంది. ఒకరు మనకి సాయం చేస్తే అది బాకీయా? బాకీ అయితే తీర్చాలి. తీర్చేస్తే అది వ్యాపారమైపోదూ? బాకీ కాదనుకుంటే, పుచ్చుకుని ఊరుకోవడం మర్యాదేనా? వినడానికి తర్కశాస్త్రంలా వుంది గాని, రోజూ వంటింటి గుమ్మంలో మనం తేల్చుకుంటున్న విషయమే ఇది. తేల్చుకోలేక మొహమాటపడుతున్నదీ అక్కడే.

మన పెద్దవాళ్ళు ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో మూడు రకాలు ఏర్పరిచారని నాకు తోస్తుంది. ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదు. అలవాట్లలో దాచిపెట్టారు.

మొదటిది చేబదులు. ఎంత చక్కటి మాటో చూడండి! కాగితం లేదు, సాక్షి లేడు, వడ్డీ లేదు. చేతి నుంచి చేతికి బదులు. గ్లాసుడు పంచదార, సోలెడు బియ్యం, పావుకిలో కందిపప్పు - ఏది తీసుకుంటే అదే తిరిగిచ్చెయ్యాలి. ఇందులోనూ ఒక పద్ధతి వుంది. తీసుకునేటప్పుడు గ్లాసు తలగొట్టి తీసుకోవాలి, తిరిగిచ్చేటప్పుడు కొంచెం గుమ్మటంగా పోసి ఇవ్వాలి. మా చిన్నతనంలో అన్ని చేబదుళ్ళలోకీ గొప్పది గ్యాసు సిలిండరు. ఒక్కటే సిలిండరు వున్న ఇళ్ళు ఎక్కువ. అది సరిగ్గా పండగనాడు, బూరెలు మూకుట్లో వుండగా అయిపోయేది. అప్పుడు పక్క వాటా వాళ్ళ రెండో సిలిండరు దొర్లుకుంటూ వస్తుంటే ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడి స్వాగతం చెప్పేవాళ్ళం.

రెండోది గిన్నె. కొత్తావకాయ కలిపినా, సంక్రాంతికి అరిసెలు వండినా, పనసపొట్టు కూర కుదిరినా ఒక గిన్నె గోడ దాటుతుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. ఏమీ లేకపోతే నాలుగు పలుకుల పంచదారైనా, రెండు అరటిపళ్ళైనా వేసి పంపాలి. అయితే అరిసెలకి బదులు అరిసెలు పంపితే ఎబ్బెట్టుగా వుంటుంది. మరోటేదో పంపాలి, అదీ వెంటనే కాకుండా నాలుగు రోజులాగి పంపాలి. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు అందుకే వచ్చిందేమో! మా అమ్మ సామాన్లలో ఇప్పటికీ ఎవరివో రెండు పేర్లున్న గిన్నెలున్నాయి. మా పేరున్నవి ఇంకెవరి అటకల మీదో వుండే వుంటాయి.

మార్సెల్ మౌస్ అని ఒక ఫ్రెంచి పండితుడు 1925లో కానుకల గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. పసిఫిక్ దీవుల్లోనూ, అమెరికా వాయవ్య తీరంలోనూ వుండే జాతుల ఆచారాలన్నీ పరిశీలించి ఆయన తేల్చిందేమిటంటే - కానుక అనేది పైకి స్వేచ్ఛగా కనబడుతుంది గాని దాని వెనక మూడు విధులున్నాయి: ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం. మూడింట్లో ఏది తప్పినా బంధం చెడుతుంది. బి.ఏ.లో ఈ పేరు విన్నప్పుడు, ఇందుకోసం అంత దూరం వెళ్ళాలా, బెజవాడ సత్యనారాయణపురంలో మా వాటాల ఇంటికొచ్చి వారం రోజులు నూతి దగ్గర కూర్చుంటే సరిపోయేదే అనుకున్నాను.

మన భగవద్గీత మరో మాట చెబుతుంది. పదిహేడో అధ్యాయంలో దానాలు మూడు రకాలు. తిరిగి మేలు చెయ్యలేని వాడికి, ఇవ్వడం నా ధర్మం అనుకుని ఇచ్చేది సాత్వికం. ప్రతిఫలం కోరి ఇచ్చేది రాజసం. అవమానించి ఇచ్చేది తామసం. ఈ కొలబద్ద పట్టుకుంటే గిన్నె ఖాళీగా రాకూడదనే మా వీధి వీధంతా రాజసంలో పడిపోతుంది! మొదట్లో నాకిది మింగుడుపడలేదు. తర్వాత ఆలోచిస్తే సమాధానం అక్కడే కనిపించింది. గీత చెప్పింది దానం సంగతి. పొరుగింటి గిన్నె దానం కాదు. దానం చెయ్యాలంటే ఎదుటివాళ్ళకి లేకపోవాలి. పక్కింటావిణ్ణి దానగ్రహీతని చేసి నేను సాత్వికురాలినైపోతే నాకు పుణ్యం వస్తుందేమో గాని, ఆవిడ మర్నాటి నుంచి నా మొహం చూడదు. ఆవిడకీ ఇవ్వడానికి ఏదో వుందని ఒప్పుకోవడమే ఆవిడకి నేనిచ్చే గౌరవం.

ఈ విషయం నాకు తెలియజెప్పినావిడ ఒకరున్నారు. ఇప్పుడు మేముంటున్న హైదరాబాదు అపార్ట్‌మెంటులోనే, కింది అంతస్తులో. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. మేమంతా టీచరుగారంటాం. ఎవరింట్లో పిల్లలకి పరీక్షలున్నా కూర్చోబెట్టుకుని చెప్పేవారు. ఎవరికి జ్వరం వచ్చినా చారు కాచి పంపేవారు. కాని ఆవిడకి మనమేదైనా పట్టుకెళితే మాత్రం, “మా ఇంట్లో తినేవాళ్ళెవరమ్మా, నేనొక్కదాన్నేగా” అని నవ్వుతూ వెనక్కి పంపేవారు. మొదట్లో అందరం ‘ఎంత నిస్వార్థం’ అనుకున్నాం. రాను రాను ఏమైందో తెలుసా? ఆవిణ్ణి అడగడం మానేశారు. ఎవరూ ఎవరితోనూ చెప్పుకోలేదు గాని, ఆవిడ తలుపు కొట్టాలంటే కాళ్ళు వెనకాడేవి. ఎంత తియ్యటి మనిషైనా ఒక్క వైపు నుంచే పోస్తుంటే అవతలి గిన్నె బరువెక్కిపోతుంది.

ఒకసారి రెండు రోజుల పాల ప్యాకెట్లు ఆవిడ తలుపుకి వేలాడే సంచీలోనే వుండిపోయాయి. వాచ్‌మన్ భార్య అనుమానపడి తలుపు కొట్టింది. బాత్‌రూములో జారిపడి కుడిచెయ్యి మణికట్టు విరిగింది. రెండు రోజులూ ఎడంచేత్తో రస్కులు తిని, నొప్పికి మాత్రలు వేసుకుని కూర్చున్నారట. “ఒక్క ఫోను చెయ్యకపోయారా టీచరుగారూ?” అంటే, “మీ పనుల్లో మీరుంటారు, మిమ్మల్నెందుకమ్మా ఇబ్బంది పెట్టడం!” అన్నారు.

ఆ ‘ఇబ్బంది’ అనే మాట గురించి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మర్యాదగల మాటే. మనమంతా రోజుకి పదిసార్లు వాడేదే. కాని దాన్ని తిరగేసి చూస్తే లోపల మరో అర్థం వుంది: ‘నేను మీకిస్తే అది ప్రేమ, మీరు నాకు చేస్తే అది ఇబ్బంది’ అని. ఎదుటివాళ్ళ ప్రేమ మీద అంత చిన్నచూపు దేనికి?

అడగనిదే అమ్మైనా పెట్టదన్నారు. అడగడం అంత తేలిక కాదు గనుకనే ఆ సామెత పుట్టివుంటుంది. ఆరు వారాలు టీచరుగారి చేతికి కట్టు వుంది. అంతస్తుకొక పూట చొప్పున వంతులేసుకుని భోజనం పంపాం. ఆవిడకి అది మణికట్టు నొప్పి కన్నా ఎక్కువ బాధగా వుండేదని మొహం చూస్తేనే తెలిసేది. కట్టు విప్పిన వారానికి ఓ పొద్దున్న మా గుమ్మంలో నిలబడి, “రెండు పచ్చిమిరపకాయలుంటే ఇస్తావా అమ్మా?” అన్నారు. అన్నేళ్ళలో ఆవిడ నోట అటువంటి మాట వినడం అదే మొదటిసారి. రెండంటే నాలుగిచ్చాను. ఆవిడ మా అందరికీ అప్పటిదాకా ఇచ్చినవన్నీ ఒక ఎత్తు, ఆ అడగడం ఒక ఎత్తు అనిపించింది. ఆ తర్వాతనే మా పిల్లలు మళ్ళీ పుస్తకాలు పట్టుకుని ఆవిడ ఇంటికి చనువుగా వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆపద వచ్చినప్పుడు జనం కదలరని అనను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపంతా నీళ్ళలో మునిగినప్పుడు, కింది ఇళ్ళ వాళ్ళు పై అంతస్తులకెక్కారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు, మంచినీళ్ళు అందించాల్సి వచ్చింది. అటువంటి సమయంలో పైవాళ్ళు ‘మీరెవరు, మీదేవూరు’ అని ఆరా తీస్తూ కూర్చోరు. వరద వస్తే అడగక్కర్లేదు, నీళ్ళే అడుగుతాయి. కష్టమల్లా వరద లేని రోజున. మామూలు మంగళవారం మధ్యాహ్నం, ఏ ఉపద్రవమూ లేకుండా ఊరికే మనసు బాగుండనప్పుడు, ఏమని చెప్పి తలుపు కొడతాం?

పంచదార ఉపయోగం అక్కడే. ఇప్పుడు నగరాల్లో ఫోను నొక్కితే పది నిమిషాల్లో పంచదార గుమ్మంలోకి వస్తుంది. ఎవర్నీ దేబిరించక్కర్లేదు, ఎవరి మొహం చూడక్కర్లేదు. హాయే. నేనూ తెప్పించుకుంటాను. కాని ఒక సంగతి గమనించారా? ఆసుపత్రి వరండాలో రాత్రంతా పక్కన కూర్చునే మనిషిని ఏ కుర్రాడూ బండి మీద తెచ్చివ్వడు. ఆ పెద్ద సాయం అడగాలంటే నోరు పెగలాలి. పంచదార అడిగి అలవాటున్న నోటికే అది పెగులుతుంది. గరిటెడు అప్పులన్నీ ఆ ఒక్క అడగడానికి చేసే సాధన. సంగీతం నేర్చుకునే పిల్ల సరళీస్వరాలు దిద్దినట్టు.

ఇంతకీ మూడో రకం చెప్పనేలేదు. అదే తోడు.

పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాడు పెరుగు కలిపితే తెల్లారేసరికి తోడుకుంటాయి. ఆ చెంచాడు పెరుగులో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు కోట్లలో వుంటాయట. పాలు మరీ వేడిగా వుంటే అవి చచ్చిపోతాయి, మరీ చల్లగా వుంటే కదలవు. ఈ సైన్సంతా తెలియకుండానే మన అమ్మమ్మలు చిటికెనవేలు ముంచి చూసి చెప్పేవారు. కొన్ని వైపుల దీన్ని చేమిరి అంటారు. నాకు మాత్రం తోడు అనే మాటే ఇష్టం. పాలకి వేసేదీ తోడే, మనిషికి వుండాల్సిందీ తోడే.

పెరుగు మొత్తం పిల్లలు తినేసినప్పుడో, పిల్లి మూత తోసినప్పుడో గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళేవాళ్ళం. “పిన్నిగారూ, కాస్త తోడుంటే ఇస్తారా?” దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వరు గనుక సందె వాలకముందే పరుగెత్తాలి. ఇక్కడున్న విశేషమేమిటంటే, తోడుని ఎవరూ తిరిగివ్వరు. పంచదార తిరిగిచ్చినట్టు చెంచాడు పెరుగు పట్టుకెళ్ళి ‘ఇదిగో మీ బాకీ’ అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఇచ్చినావిడకి తరిగిందీ లేదు, ఆవిడ గిన్నెలో రేపటికి మళ్ళీ తోడుకుంటుంది. పుచ్చుకున్నావిడ ఇంట్లో అది ఒక్క రోజుతో అయిపోదు. ఇవాళ్టి పెరుగు రేపటికి తోడు, రేపటిది ఎల్లుండికి. మధ్యలో ఎవరో గిన్నె పట్టుకొస్తే అందులోంచే వాళ్ళకో చెంచా. ఏ ఇంటి తోడు ఏ వీధి దాకా పోయిందో ఎవరు చెప్పగలరు?

మనం పొందిన అసలైన సాయాలన్నీ ఈ రకానివే. ఇచ్చినవాళ్ళకి తిరిగివ్వలేనివి. వీధికొక్క ఫోను వుండే రోజుల్లో ఉత్తరాల మీద, కార్డుల మీద పక్కింటి వాళ్ళ నంబరు వేసి చివర ‘పీ.పీ.’ అని రాసుకునేవాళ్ళు. ఊరి నుంచి ఫోనొస్తే ఆ ఇంటావిడ పొయ్యి మీది కూర దించేసి, మెట్లు దిగి వచ్చి పిలిచేది. ఎన్ని జననాలు, ఎన్ని మరణాలు, ఎన్ని పెళ్ళిచూపుల ఫలితాలు ఆవిడ నోటి మీదుగా వచ్చాయో! దానికి బదులుగా ఏం పంపాలి? అరిసెలా?

మా పక్క వాటాలో ఒక రైల్వే కుటుంబం వుండేది. మా అమ్మకి టైఫాయిడ్ వచ్చి మంచం మీద వున్న నెల రోజులూ, అప్పటికి ఏడాది పిల్లనైన నన్ను ఆవిడే పెంచింది. తన పిల్లలతో పాటే నీళ్ళు పోసి, అన్నం కలిపి, రాత్రి తన పక్కలోనే పడుకోబెట్టుకుంది. మరుసటి ఏడే వాళ్ళకి బదిలీ అయింది. తర్వాత ఇంకో బదిలీ. రెండు ఉత్తరాలు నడిచి ఆగిపోయాయి. ఆవిడ ఎక్కడున్నదీ, అసలున్నదీ లేనిదీ తెలియదు. అమ్మ ఆ బాకీ ఎప్పటికీ తీర్చలేకపోయింది. అయితే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను - వీధిలో ఏ ఇల్లాలు పురిటికి వెళ్ళినా, ఏ తల్లి మంచాన పడినా వాళ్ళ పెద్దపిల్ల మా ఇంట్లోనే వుండేది. నాకెప్పుడైనా విసుగొచ్చి, “మనకెందుకమ్మా ఇదంతా?” అంటే, “నువ్వెవరి పక్కలో పడుకుని పెరిగావే?” అనేది. అంతే. ఇచ్చినావిడకి తిరిగివ్వడానికి లేదు గనుక ముందుకి ఇచ్చుకుంటూ పోయింది.

ఇదంతా చెప్పి, ఆ పాత రోజులు ఎంత బంగారమో అని నిట్టూరిస్తే నాకే నమ్మకం కుదరదు. ఆ తోడు చుక్కకి కులం వుండేది. పాలు ఎవరి గేదెవైనా ఫర్వాలేదు, డబ్బిచ్చి పోయించుకునేవారు. తోడు మాత్రం ఏ ఇంటి నుంచి తెచ్చుకోవచ్చో, ఏ ఇంటి నుంచి తెచ్చుకోకూడదో పెద్దవాళ్ళకి కచ్చితంగా తెలుసు. వీధి చివరి ఇంటావిడ ఎంత ఆప్తురాలైనా ఆవిడ గిన్నె మన వంటింట్లోకి రాదు. మనది మాత్రం ఆవిడ ఇంటికి వెళ్ళచ్చు. ఒక్క వైపే నడిచే గిన్నె అవతలివాళ్ళని ఎంత చిన్నబుచ్చుతుందో టీచరుగారి సంగతిలో చెప్పాను. ఇక్కడ అది కొన్ని వందల ఏళ్ళు నడిచింది.

ఇప్పుడు మాత్రం? మన వంటింటి క్యాలెండరు ఒకసారి చూడండి. పాలవాడి లెక్క పక్కనే పనమ్మాయి నాగాలు, తీసుకున్న అడ్వాన్సులు తేదీల వారీగా వుంటాయి. పక్కింటావిడ గ్లాసులకి మాత్రం ఏ గుర్తూ వుండదు. అంటే లెక్క పెట్టడం మనకి బాగానే చేతనవును. ఎవరితో పెట్టాలో, ఎవరితో పెట్టకూడదో ఎంచుకుంటున్నామన్న మాట. జీతం లెక్క జీతం లెక్కే, అది కచ్చితంగా వుండాల్సిందే, ఆ అమ్మాయి మంచి కోసమైనా. కాని మన ఇంట్లో చుట్టాల తాకిడికి గంట ఎక్కువ సేపు వుండిపోయిన రోజు క్యాలెండరు మీద ఎందుకు పడదు? టీచరుగారి తలుపు కొట్టింది ఎవరో మరచిపోకండి. పై అంతస్తుల్లో వున్న మేమెవరమూ కాదు. వాచ్‌మన్ భార్య. ఆవిడకి మా ఇళ్ళలో ఎవరి గిన్నెలూ బాకీ లేవు.

పొరుగు సాయానికి ఇంకో ధర కూడా వుంది, దాన్నీ ఒప్పుకోవాలి. తోడు ఇచ్చినావిడ, “నిన్న రాత్రి మీవారు గట్టిగా మాట్లాడుతున్నారేం?” అని కూడా అడుగుతుంది. తలుపు తెరిచి వుంచితే గాలితో పాటు ఆరాలూ వస్తాయి. ఆ భయంతోనే చాలామంది తలుపులు బిగించుకుంటున్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు వుండగలిగిన పొరుగింటావిడ దొరకడం పూర్వజన్మ సుకృతమే. ఆవిడ దొరకాలని కోరుకునేముందు, మనం ఎవరికైనా అటువంటావిడగా వున్నామా అని చూసుకోవడం న్యాయం.

ఇక ఈ రోజుల్లో మనకి మరో రకం పొరుగు ఏర్పడింది. గోడ అవతల వుండదు, ఫోనులో వుంటుంది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక గిన్నెలు గోడ దాటడం ఒక్కసారిగా ఆగిపోయింది. పక్కింటావిణ్ణి కూడా ఫోనులోనే పలకరించాల్సి వచ్చింది. అప్పుడే చాలామంది ఆడవాళ్ళు, ఎన్నడూ మొహం చూడని స్నేహితురాళ్ళకి దగ్గరయ్యారు. నాకూ వున్నారు. ఒకావిడ నా నవల చదివి ఉత్తరం రాసి పరిచయమైంది, ఇప్పుడు కూతురి దగ్గర డల్లాసులో వుంటోంది. ఇంకొకావిడది నిజామాబాదు. వాళ్ళు రోజూ అడిగేది ఒక్కటే: “ఇవాళ ఏం వండారు?” ‘ఇదేం ప్రశ్న, ఎవరికి కావాలి ఆ సమాచారం?’ అని ఇంట్లో మగవాళ్ళు నవ్వుతారు. సమాచారం ఎవరికీ అక్కర్లేదు. “బీరకాయ పచ్చడి” అన్న జవాబులో గొంతు ఎలా వుందో వినడానికి వేసే ప్రశ్న అది. “ఏమీ వండలేదండీ” అంటే ఆ రోజు మాట్లాడాల్సిన అసలు విషయం వుందన్న మాట.

మొహం చూడని స్నేహం స్నేహమేనా అని కొందరంటారు. వాళ్ళ మాటా కొట్టిపారెయ్యదగింది కాదు. డల్లాసు స్నేహితురాలు నాకు పంచదార చేబదులివ్వలేదు, గిన్నె పంపలేదు. నేను జారిపడితే లేవనెత్తలేదు. కాని మూడో రకం ఇవ్వగలదు. వేసవిలో ఇక్కడ రాత్రి రెండు గంటలైతే అక్కడ ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. మావారికి ఛాతీలో నొప్పి అనిపించి ఆసుపత్రిలో చేర్చిన రాత్రి, ఊరంతా నిద్రపోతుంటే, మెలకువగా వున్న మనిషి ఆవిడొక్కతే. గంటసేపు ఏవేవో మాట్లాడింది. చివరికి ఏమన్నదో తెలుసా? “ఇక్కణ్ణుంచి నేనేం చెయ్యగలనండీ! ముందు మీ పక్కింటావిడకి ఫోను చేసి లేపండి. ఏమీ అనుకోదు. నేను చెబుతున్నాగా” అంది. తన చెయ్యి అందదని తెలిసి, అందే చేతిని చూపించింది. దూరపు స్నేహం ధర్మం అదే అనుకుంటాను. ఆమె మాట విని పక్కింటావిణ్ణి లేపాను. పావుగంటలో ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని వచ్చి తెల్లవారే దాకా నా పక్కన కూర్చుంది. రెండు రోజుల తర్వాత అదృష్టవశాత్తూ ఏమీ లేదని పంపించేశారు.

ఆ రాత్రికి ఏం లెక్క కట్టను? కాఫీ ఫ్లాస్కు కడిగి తిరిగిచ్చాను, అందులో ఏమీ పొయ్యకుండానే. ఆవిడా ఏమీ అనుకోలేదు. పొయ్యడానికి తగింది ఏదీ లేదని ఇద్దరికీ తెలుసు.

కనుక సాయం బాకీయా కాదా అన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది. బాకీయే. కాని అందరికీ, అన్నిటికీ ఒకే ఖాతా లేదు. పంచదార అయితే ఇచ్చినావిడకే తిరిగివ్వాలి. గిన్నె అయితే ఆలస్యంగా, మరో రుచితో తిరిగివ్వాలి. తోడు అయితే మరొకరికి ఇవ్వాలి, ఆ మరొకరు మన వీధివాళ్ళే, మనవాళ్ళే కానక్కర్లేదు. ఒకదాని పద్ధతి మరోదానికి పెడితేనే పేచీ. పంచదార ఎగ్గొట్టి ‘స్నేహంలో లెక్కలేమిటి’ అనడం ఎంత తప్పో, రాత్రంతా పక్కన కూర్చున్న మనిషికి మర్నాడే చీరె కొనిపెట్టి చేతులు దులుపుకోవడమూ అంతే తప్పు.

మీ అమ్మాయికో, కోడలికో ఈసారి ఈ ముక్క చెప్పి చూడండి. ఇంట్లో పంచదార నిండుగా వున్నా సరే, ఏడాదికి ఒకటి రెండుసార్లు గ్లాసు పట్టుకుని పక్క తలుపు కొట్టమనండి. తలగొట్టి తెచ్చుకోమనండి. తిరిగిచ్చేటప్పుడు మాత్రం కాస్త గుమ్మటంగా పొయ్యమనండి. ఆ పైన మిగిలిన నాలుగు పలుకులు ఎవరివో తేలక, ఆవిడ మళ్ళీ ఒకరోజు గిన్నె పట్టుకుని వస్తుంది.